‘విత్ ఆల్ హ్యాండ్స్’ అన్నచోట చేతులు ఎక్కడివి?

నీలిసిరా · ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఒక పాత ఓడ ప్రయాణం కథని తెలుగులోకి తెస్తున్నాను. నిన్న రాత్రి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. తుపాను మొదలైన మూడో రోజు గురించి కథకుడు ఒకే ముక్కలో చెప్పేస్తాడు: ‘షి వెంట్ డౌన్ విత్ ఆల్ హ్యాండ్స్’.

నాకు సాయం చేస్తున్న అమ్మాయి చిత్తుప్రతిలో దాన్ని ‘ఆమె రెండు చేతులూ కిందికి దించేసింది’ అని రాసింది. పాపం, ఒక్క పదం కూడా వదల్లేదు. డిక్షనరీలో ఏముందో అదే పెట్టింది. కానీ ఆ వాక్యంలో ‘షి’ అంటే ఓడ, ‘హ్యాండ్స్’ అంటే ఓడలో ఉన్న మనుషులు. అంతమంది చావు మా చిత్తుప్రతిలో కనిపించకుండా పోయింది. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి మనసు బాగాలేదు.

నేను అడిగేవి రెండు. మనుషుల్ని చేతులు అనడం ఎందుకు వచ్చింది? దీన్ని తెలుగులో ఎలా చెబితే బాగుంటుంది? పనిలో పనిగా, మీకెదురైన ‘హ్యాండ్’లు కూడా చెప్పండి. ఇకముందు ఎక్కడ కాలు జారుతామో ముందే తెలిస్తే మంచిది కదా.

బడిగంట · ఉదయం 9:40

నీలిసిరా గారూ, ఇంగ్లీషు చెప్పే టీచర్‌గా నాకు ఈ పదం బాగా పరిచయం. మొదటి గొయ్యి మన ఇంటి ముందే ఉంది. ‘హి గేవ్ మి ఎ హ్యాండ్’ అంటే సాయం చేశాడని. దాన్ని పిల్లలు ‘నాకు చెయ్యిచ్చాడు’ అని రాస్తారు. తెలుగులో చెయ్యివ్వడం అంటే నమ్మించి మోసం చేయడం, సమయానికి రాకుండా పోవడం. అర్థం సరిగ్గా తలకిందులవుతుంది. ‘హ్యాండిచ్చాడు’ అని కూడా అంటాం. పదం ఇంగ్లీషుదే అయినా అందులోని అర్థం పూర్తిగా మనది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళకి అది సాయం లాగే వినిపిస్తుంది.

సాయం అన్న అర్థానికి మనకి మంచి మాటలే ఉన్నాయి: చేయూత, చేదోడు. వాటిలో చెయ్యి అలాగే ఉంది చూడండి. కాకపోతే అది ఇచ్చే చెయ్యి కాదు, ఊతంగా నిలిచే చెయ్యి.

ఇంకోటి. ‘ఎ హ్యాండ్’, ‘యువర్ హ్యాండ్’, ‘హర్ హ్యాండ్’ మూడూ వేరు. ‘గివ్ మి ఎ హ్యాండ్’ అంటే కాస్త సాయం పట్టు. ‘గివ్ మి యువర్ హ్యాండ్’ అంటే నిజంగానే చెయ్యి అందించు. ‘ఆస్క్‌డ్ ఫర్ హర్ హ్యాండ్’ అంటే ఆమెని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. సభలో ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే గట్టిగా చప్పట్లు కొట్టండని. క్లాసులో ఈ నాలుగూ పక్కపక్కన రాసి చూపిస్తే పిల్లలు ఇక మర్చిపోరు.

పరీక్షార్థి · ఉదయం 10:05

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వ్యాసంలో ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ రాసిన ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. ‘మరోపక్క’ అనేగా అర్థం?

బడిగంట · ఉదయం 10:31

బాబూ, చాలామంది పడే ఇబ్బందే ఇది. మన ‘ఒకపక్క, మరోపక్క’కి రెండు పనులున్నాయి. ‘ఒకపక్క వాన, మరోపక్క కరెంటు లేదు’ అంటాం. అక్కడ కష్టాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటున్నాయి. రెండూ ఒకే దిక్కుకి లాగుతున్నాయి. ఇంగ్లీషులో ఇలాంటి చోట ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ కుదరదు. అది ఎదురుబొదురుగా నిలిచే విషయాలకే. ‘జీతం తక్కువ, మరోపక్క పని నేర్చుకునే అవకాశం ఎక్కువ’ అన్నచోట సరిపోతుంది. కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి పట్టుకుని తూకం వేస్తున్నట్టు ఊహించుకో. వ్యాసం ఒకసారి మళ్ళీ చదువు. నువ్వు పేర్చిన చోటల్లా అది తీసేసి ‘బిసైడ్స్’ పెట్టు.

సున్నా_ఒకటి · ఉదయం 11:02

నీలిసిరా గారి ఓడ మా ఆఫీసులో ఇంకా తిరుగుతూనే ఉంది. కంపెనీ మొత్తాన్నీ కూర్చోబెట్టే సమావేశాన్ని ‘ఆల్ హ్యాండ్స్’ అంటారు. ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’ అన్న ఓడ కేక నుంచే వచ్చింది. అందరూ పైకి రండి, ఎవరి తాడు వాళ్ళు పట్టుకోండి అని పిలుపు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇలాంటి ఆల్ హ్యాండ్స్‌లోనే ‘హెడ్‌కౌంట్’ తగ్గిస్తున్నామని చెప్పారు. ఆ రోజు నా పక్కన కూర్చున్న స్నేహితుడి ఉద్యోగం పోయింది. పని కావాల్సినప్పుడు చేతులం, లెక్క తీసినప్పుడు తలలం. అప్పటినుంచి ఆ రెండు మాటలూ విడివిడిగా వినలేకపోతున్నాను.

మా నెట్‌వర్క్ పనిలో ‘హ్యాండ్‌షేక్’ కూడా ఉంది. రెండు కంప్యూటర్లు టీసీపీ పద్ధతిలో మాట్లాడుకోవాలంటే ముందు మూడు చిన్న సందేశాలు నడుస్తాయి. ఉన్నావా అని ఒకటి, ఉన్నాను, నువ్వూ ఉన్నావా అని రెండోది, ఉన్నాను అని మూడోది. ఆ తర్వాతే అసలు సమాచారం. దీన్ని కరచాలనం అంటే మా టీమ్‌లో ఎవరికీ తట్టదు. హ్యాండ్‌షేక్ అనే వదిలేయాలని నా అభిప్రాయం.

పదమూలం · మధ్యాహ్నం 12:20

మనుషుల్ని చేతులనడం గురించి. తెరచాప ఓడలో ప్రతి పనీ తాళ్ళతోనే. తాడు లాగాలి, ముడి వేయాలి, ఎత్తైన కొయ్య మీద నిలబడి చాపని చుట్టాలి. ఎన్ని చేతులు అందుబాటులో ఉన్నాయన్న దాని మీదే ఓడ నడక ఆధారపడి ఉంటుంది. నావికుల్లో ఒక పాత సామెత ఉంది: ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకు. పైన ఎక్కినప్పుడు ఒక చేత్తో నిన్ను నువ్వు పట్టుకో, రెండో చేత్తో పని చెయ్యి అని. మనిషిని చెయ్యి అనడం ఎక్కడినుంచి పుట్టిందో ఈ ఒక్క మాట చూస్తే అర్థమవుతుంది.

అదే మాట పొలంలోకి వెళ్ళి ‘ఫార్మ్ హ్యాండ్’ అయింది, మిల్లులోకి వెళ్ళి ‘మిల్ హ్యాండ్’ అయింది. 1854లో వచ్చిన ‘హార్డ్ టైమ్స్’ నవలలో డికెన్స్ ఈ మాట మీదే చురక పెట్టాడు. ఆ కార్మికుల్ని దేవుడు ఉత్త చేతులుగానే పుట్టించి ఉంటే కొందరికి ఇంకా నచ్చేవారని. మనిషిలో పనికొచ్చే ముక్కని మాత్రమే పిలిచి, మిగతా మనిషిని మర్చిపోవడం అందులో ఉంది. సున్నా_ఒకటి గారి బాధ కూడా అదే కదా.

మన భాష మనుషుల్ని తలలతో లెక్కపెడుతుంది: తలా ఒకటి, తలసరి ఆదాయం. తిండి విషయం వస్తే నోళ్ళు. పనిమంతుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకీ చెయ్యే. ‘యాన్ ఓల్డ్ హ్యాండ్’ అన్నదాన్ని ‘చెయ్యి తిరిగినవాడు’ అంటే అచ్చంగా సరిపోతుంది.

తెల్లకోటు · మధ్యాహ్నం 1:15

నేను నర్సుని. అర్థాల సంగతి మీరు చూసుకోండి, అసలు చెయ్యి ఎక్కడ మొదలవుతుందో నేను చెబుతాను. ఇంగ్లీషులో హ్యాండ్ అంటే మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా మాత్రమే. అందులో 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. దానిపైన భుజం దాకా ‘ఆర్మ్’. మనకి భుజం నుంచి గోళ్ళ దాకా అంతా చెయ్యే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన ‘చెయ్యి నొప్పమ్మా, పడ్డాను’ అన్నారు. నేను కాగితం మీద ‘హ్యాండ్ పెయిన్’ అని రాశాను. ఎక్స్‌రే అరచేతికి తీశారు. అంతా బాగానే ఉంది. ఆయన మాత్రం నొప్పికి పళ్ళు బిగించుకుని కూర్చున్నారు. చొక్కా చేతి గుండీ విప్పి పైకి మడిస్తే మోచేతికి కాస్త కింద వాపు, వంకర. ముంజేయి ఎముక విరిగింది. అరగంట వృథా నొప్పి, నా ఒక్క పదం వల్ల. ఆ రోజునుంచి ఎవరు చెయ్యి అన్నా ‘వేలు పెట్టి చూపించండి’ అని అడుగుతాను. మనకి మాటలు లేక కాదు. మణికట్టు, ముంజేయి, మోచేయి, జబ్బ అన్నీ ఉన్నాయి. నొప్పిలో ఉన్న మనిషి మాత్రం చెయ్యి అనే అంటాడు. విడదీసి రాసుకోవాల్సింది మనమే.

షిఫ్ట్ మారేటప్పుడు చేసే ‘హ్యాండోవర్’ కూడా ఉంది. ఎవరికి ఏ మందు ఇచ్చాం, ఏది మిగిలింది అని తర్వాతివాళ్ళకి ఒప్పజెప్పడం. అప్పగింత అన్న మాట దానికి బాగా నప్పుతుంది.

నీలిసిరా · మధ్యాహ్నం 1:48

తెల్లకోటు గారూ, మీరు చెప్పింది చదివి నా అనువాదంలో మొదటి అధ్యాయం మళ్ళీ తెరిచాను. ‘హిస్ ఆర్మ్ వాజ్ బ్రోకెన్’ ఉన్నచోట ఉత్త ‘చెయ్యి’ అని రాశాను. తర్వాతి పేజీలోనే అతను అదే చేత్తో ఉత్తరం రాస్తాడు. మోచేతి పైన విరిగింది అని చెప్పకపోతే చదివేవాళ్ళు తికమకపడతారు. ఇప్పుడే సరిచేశాను.

గుర్రపుడెక్క · మధ్యాహ్నం 2:30

ఓడ కథ అన్నారు కాబట్టి ముందుముందు గుర్రాలు కూడా వస్తాయేమో. గుర్రం ఎత్తుని ఇంగ్లీషువాళ్ళు హ్యాండ్లలో కొలుస్తారు. ఒక హ్యాండ్ అంటే సరిగ్గా 4 అంగుళాలు, 10.16 సెంటీమీటర్లు. కొలిచేది తల దాకా కాదు. మెడా వీపూ కలిసేచోట ఉన్న ఎత్తైన భాగం దాకా.

తప్పు జరిగేది చుక్క దగ్గర. 15.2 హ్యాండ్స్ అంటే పదిహేనున్నర కంటే తక్కువ అనుకోవద్దు. అది 15 హ్యాండ్లు, పైన 2 అంగుళాలు. అంటే మొత్తం 62 అంగుళాలు. చుక్క తర్వాత 3 దాటి పోదు. 15.3 తర్వాత వచ్చేది 16. మామూలు కొలత ప్రకారం 14.2 కంటే పొట్టివాటిని పోనీ అంటారు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘పదిహేను చేతుల గుర్రం’ అని రాస్తే చదివేవాళ్ళు మూర అనుకునే ప్రమాదం ఉంది. 15 మూరలంటే 22 అడుగులు దాటుతుంది. మన బెత్తెడు దగ్గర్లోనే ఉంది గానీ అది నాలుగు వేళ్ళ వెడల్పు, కాస్త తక్కువ. నన్నడిగితే అడుగుల్లోకి మార్చి రాయడమే మేలు.

పరీక్షార్థి · మధ్యాహ్నం 3:04

సెకండ్ హ్యాండ్ పుస్తకం, గడియారంలో సెకండ్ హ్యాండ్. ఈ రెండూ వేర్వేరు మాటలే కదా? ఒకటి రెండో చెయ్యి, ఇంకోటి సెకన్ల ముల్లు.

పదమూలం · మధ్యాహ్నం 3:50

బాబూ, ప్రశ్న చాలా బాగుంది. అర్థాలు వేరే గానీ, లోపల ‘సెకండ్’ రెండుచోట్లా ఒకటే. గంటని 60 భాగాలు చేస్తే వచ్చేదాన్ని లాటిన్‌లో మొదటి చిన్న భాగం అన్నారు. ‘మినిట్’ అందులోని ‘చిన్న’ అన్న మాట నుంచి వచ్చింది. దాన్ని మళ్ళీ 60 చేస్తే రెండో చిన్న భాగం. ఆ ‘రెండో’ అన్న మాటే సెకండ్‌గా మిగిలింది. కాబట్టి గడియారంలో తిరిగేది రెండో విభజనని చూపే చెయ్యి, పుస్తకం చేరింది రెండో మనిషి చేతికి.

గడియారం చూపించేదాన్ని చెయ్యి అనడం కూడా అన్ని భాషల్లో లేదు. ఫ్రెంచివాళ్ళు సూది అంటారు, హిందీలోనూ సూదే. జర్మన్‌లో చూపించేది అని. మనది ముల్లు. కళ్ళముందున్నది ఒకే సన్నటి లోహపు ముక్క. నాకు ముల్లే ఎక్కువ ఇష్టం.

ఇంకో రెండు మాటలు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ‘హ్యాండ్‌సమ్’ అంటే మొదట్లో అందగాడు కాదు, చేతికి అనువుగా ఉండేది. వాడుకకి వీలైనది కాలం గడిచి తగినదైంది, తగినది చూడముచ్చటైనదైంది. ‘హ్యాండ్‌కర్చీఫ్’లో చెయ్యితో పాటు తల కూడా దాక్కుని ఉంది. కర్చీఫ్ అంటే పాత ఫ్రెంచిలో తలని కప్పేది. తలగుడ్డ చేతిలోకి దిగి రుమాలైంది. తెలంగాణలో రుమాలుని దస్తీ అంటారు కదా, అందులో ఉన్న ‘దస్త్’ కూడా చెయ్యే, పారసీ నుంచి వచ్చింది. దస్కత్తు అంటే చేతిరాత. జబర్దస్తీలో ఉన్నదీ అదే చెయ్యి. పారసీలో జబర్ అంటే పైన, కాబట్టి జబర్దస్త్ అంటే పైచేయి గలవాడు. ఇంగ్లీషులో ‘అప్పర్ హ్యాండ్’, తెలుగులో పైచేయి, పారసీలో జబర్దస్త్. మూడు భాషలూ గెలిచినవాడి చేతిని పైన పెట్టాయి.

రంగుముక్క · సాయంత్రం 4:25

పేకాటలో చేతికొచ్చిన ముక్కలన్నిటినీ కలిపి హ్యాండ్ అంటారు. బ్రిడ్జ్‌లో అయితే 13 ముక్కలు. ‘హి డిడ్ నాట్ షో హిస్ హ్యాండ్’ అన్నది అక్కడి మాటే. దానికి తెలుగులో ‘గుప్పిట విప్పలేదు’ ఎప్పుడో తయారుగా ఉంది. ‘ఓవర్‌ప్లేడ్ హిస్ హ్యాండ్’కి మాత్రం నాకు ఒక్క మాట దొరకలేదు. చేతిలో ఉన్న బలాన్ని మించి దూకి దెబ్బతినడం. ఎవరికైనా తడితే చెప్పండి.

బడిగంట · సాయంత్రం 4:41

‘తాహతుకు మించి తెగించాడు’ అనొచ్చేమో. ముక్కలు పోయినా అర్థం నిలుస్తుంది.

పాదముద్ర · సాయంత్రం 5:10

‘హ్యాండీక్యాప్’ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. టోపీ చేతపట్టుకుని అడుక్కోవడం నుంచి వచ్చిందని, అందుకే ఆ మాట అవమానమని ఒకచోట చదివాను. నాకు పుట్టుకతో కాలు సరిగ్గా లేదు. చిన్నప్పుడు ఆ మాట నా ముందు చాలాసార్లు వాడారు. అది నిజమో కాదో తెలుసుకోవాలని ఉంది.

పదమూలం · సాయంత్రం 6:35

పాదముద్ర గారూ, తొందరపడి రాయకూడదని పుస్తకాలు మళ్ళీ తిరగేసి వచ్చాను. అడుక్కోవడం కథ నిజం కాదు. మూలం ‘హ్యాండ్ ఇన్ క్యాప్’ అనే 17వ శతాబ్దపు ఆట. ఇద్దరు తమ దగ్గరున్న వస్తువులు మార్చుకోవాలనుకుంటారు. రెండింటి విలువా ఒకటి కాదు. మధ్యవర్తి ఒకడు చూసి, తక్కువ విలువ వస్తువు గలవాడు ఎంత కలిపి ఇవ్వాలో చెబుతాడు. ముందుగా అందరూ పందెం డబ్బు ఒక టోపీలో వేసి ఉంటారు. ఒప్పుకున్నదీ లేనిదీ నోటితో చెప్పరు. ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి ఒకేసారి బయటికి తీస్తారు. చెయ్యి తెరిచి చూపడాన్ని బట్టి బేరం కుదిరిందో లేదో తేలుతుంది. శామ్యూల్ పెపిస్ తన డైరీలో 1660లో ఈ ఆట గురించి రాసుకున్నాడు.

అక్కడినుంచి గుర్రప్పందేలకి పోయింది. అక్కడా మధ్యవర్తి ఉంటాడు. పరుగులో మేటి గుర్రం మీద అదనపు బరువు పెట్టి పందేన్ని సమానం చేస్తాడు. గమనించండి, హ్యాండీక్యాప్ పడేది బలమైనదాని మీద. గోల్ఫ్‌లోనూ ఆటని సమానం చేయడానికే హ్యాండీక్యాప్ ఉంది, కాకపోతే అక్కడ ఆట తక్కువ వచ్చినవాడికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కేస్తారు. ఆ ‘అదనపు బరువు’ అన్న అర్థం సాగి సాగి, చాలా తర్వాత మనుషుల శరీరాలకి తగిలించారు.

మూలంలో అవమానం లేదు. అలాగని మీకు తగిలిన నొప్పి తగ్గిపోదు. ఆ మాట ఇప్పుడు మనుషుల గురించి వాడకపోవడమే సరైనదని గట్టిగా నమ్ముతాను. కారణం మాత్రం అడుక్కోవడం కథ కాకూడదు. ఒక మనిషిని బరువుతో పోల్చడమే తప్పు.

పాదముద్ర · సాయంత్రం 6:58

ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలండీ. బలమైన గుర్రం మీద పెట్టే బరువన్న సంగతి ఇవాళే తెలిసింది.

రసాయనం · రాత్రి 7:30

ఆలస్యంగా వచ్చాను. కెమిస్ట్రీలో కూడా చేతులున్నాయి. కుడిచేతి తొడుగు ఎడమచేతికి సరిపోదు. రెండూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి గానీ ఒకదానిమీద ఒకటి అచ్చుగా కూర్చోవు. కొన్ని అణువులు కూడా అంతే. ఆ గుణానికి ‘కైరల్’ అని పేరు పెట్టింది లార్డ్ కెల్విన్, 1893లో ఇచ్చిన ఉపన్యాసంలో. గ్రీకులో చెయ్యి అన్న మాట నుంచి తీసుకున్నాడు. కార్వోన్ అనే అణువు ఒక చెయ్యి పుదీనా జాతి వాసన, రెండో చెయ్యి షాజీరా వాసన. అణువులోని పరమాణువులు అవే, వాటి వరసా అదే. మన ముక్కు మాత్రం తేడా కనిపెట్టేస్తుంది.

‘సర్జరీ’లో ఉన్నదీ ఆ గ్రీకు చెయ్యే. మూలార్థం చేతిపని. తెల్లకోటు గారికి నచ్చుతుందని చెబుతున్నాను.

తెల్లకోటు · రాత్రి 7:52

చాలా నచ్చింది. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్ల చేతులు గంటలకొద్దీ చూసినదాన్ని. చేతిపని అన్న మాట కంటే సరైనది లేదు.

సున్నా_ఒకటి · రాత్రి 8:15

నీలిసిరా గారూ, ఇంతకీ మీ వాక్యం సంగతి? ‘సిబ్బంది సమేతంగా మునిగిపోయింది’ అంటే?

రంగుముక్క · రాత్రి 8:22

అది పత్రికా ప్రకటనలా ఉంది. చెయ్యి పోకుండా ‘తాళ్ళు లాగిన చేతులన్నీ నీటిపాలయ్యాయి’ అంటే ఎలా ఉంటుంది?

నీలిసిరా · రాత్రి 9:05

రంగుముక్క గారూ, మీ వాక్యం చదవగానే ఒళ్ళు జలదరించింది. అరగంటకు పైగా దాన్నే అట్టిపెట్టుకున్నాను. చివరికి వద్దనుకున్నాను. మూలంలో కథకుడు అలంకారం వాడలేదు. నావికులు రోజూ అనుకునే మాటే అన్నాడు, ఓడల చిట్టాలో రాసినట్టు. ఏడవకుండా చెప్పాడు. నేను చేతులు తెచ్చిపెడితే అతని బదులు నేను ఏడ్చినట్టవుతుంది.

పైన పదమూలం గారు చెప్పిన సామెత మాత్రం రెండో అధ్యాయంలో పనికొచ్చింది. కుర్ర నావికుడు మొదటిసారి కొయ్య ఎక్కే సన్నివేశంలో ముసలాయన అతనితో సరిగ్గా ఆ మాటే అంటాడు. అదేమిటో ఇప్పటిదాకా అర్థంకాక పక్కన పెట్టాను. ‘ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకు’ అని అలాగే పెట్టేశాను. అక్కడ చెయ్యి వినిపించింది కాబట్టి ఇక్కడ లేకపోయినా ఫరవాలేదు.

సాయంత్రం ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ చర్చంతా చదివించాను. వాక్యం తనే మళ్ళీ రాసింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు:

‘ఓడ మునిగిపోయింది. ఒక్కరూ మిగల్లేదు.’